పొట్టి రేకు పువ్వు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ఈ మాట పెడనలో ఎవరినడిగినా చెబుతారు. మా ఆవిడనడిగితే ఇంకాస్త వివరంగా చెబుతుంది. ఆ కోపం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, పడ్డది మాత్రం ఎక్కువగా ఆవిడే.

మాది కలంకారీ అద్దకం ఇల్లు. టేకు చెక్కమీద అచ్చులు చెక్కడం, వాటితో గుడ్డమీద అద్దడం నా పని. గుడ్డలు కాలవలో జాడించడం, రాగి కాగులో రంగుతో ఉడకబెట్టడం ఆడవాళ్ల పని. మా తాత చెక్కిన అచ్చులూ, మా నాన్న చెక్కిన అచ్చులూ అటకమీద వరసగా ఉండేవి. ఒకటి అరిగిపోతే దాన్ని చూసి అలాంటిదే ఇంకొకటి చెక్కేవాణ్ణి. ఆ తీగలూ ఆ పువ్వులూ పర్షియా దేశం వాళ్లకి ఇష్టమట. బందరు రేవునుంచి ఓడల్లో వెళ్లేవి. అవి ఏ చెట్టు పువ్వులో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఒక ఏడు ఆ దేశంతో బేరం ఆగిపోయింది. మా గుడ్డలు కొనే బందరు షావుకారు మా అరుగుమీద కూర్చుని, పాత రకాలు కొట్లో గుట్టలుగా పడి ఉన్నాయన్నాడు. మన ఊళ్లలో ఆడవాళ్లు మెచ్చే కొత్త పువ్వేదైనా వేసి, కాలవ కట్టేసేలోగా ఒక గుడ్డ చూపించమన్నాడు. లేకపోతే ఇక మనకీ మనకీ పని లేదన్నాడు. వేసవిలో కాలవ కట్టేస్తే జాడించడానికి పారే నీళ్లుండవు, మా పనులన్నీ ఆగిపోతాయి. అప్పటికి నెలన్నర గడువుంది. ఈ సంగతి తెలిసి, గుడివాడలో ఉన్న మా అక్క మొగుడు బియ్యం మిల్లులో బస్తాలు తూచే పని చూసిపెట్టి, ఉలి పక్కన పడేసి వచ్చెయ్యమని కబురు పంపాడు. మంచికే పంపాడు పాపం. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఉలి పట్టని చేత్తో నేను ఏమవుతానో అని భయం వేసింది.

కొత్త పువ్వంటే ఎక్కణ్ణుంచి తేను? గొప్ప చోటికి వెళ్తే గొప్ప ఆలోచన వస్తుందని నా నమ్మకం. మా వైపే కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రమహావిష్ణువు గుడిలో పద్మాల్ని రోజంతా కాగితంమీద దించుకున్నాను. మంగినపూడి వెళ్లి ఇసకలో కూర్చుని సముద్రపు అలలు గీశాను. ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి, "జంతికలు బాగా వచ్చినాయి బావా" అంది. మేనమామ కూతురు కదా, వేళాకోళానికి ఆవిడకి హక్కుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

చివరికి పద్మాలే గతి అయ్యాయి. వాటికి అచ్చు చెక్కి, ఒక దుప్పటికి చుట్టూ అంచులో అద్దాను. నడిమంతా ఖాళీ. అది ఏమంత బాగాలేదని నాకూ తెలుసు. కానీ కాలవ కట్టెయ్యడానికి వారం రోజులే ఉంది. దుప్పటిని పెరట్లో వేపచెట్టు పక్కన నేలమీద పరిచి ఆరబెట్టి, నేను లోపల బల్ల దగ్గర మరో గుడ్డకి పటిక అద్దుతూ కూర్చున్నాను. పటిక నీళ్లకి రంగుండదు. గుడ్డమీద పడినా పడినట్టు తెలియదు. తర్వాత కాగులో ఉడికినప్పుడు మాత్రం, పటిక తగిలిన చోటల్లా ఎర్రగా తేలుతుంది.

మర్నాడు దుప్పటి కాగులోంచి తీసి పరిచి చూశాను. ఖాళీగా ఉండాల్సిన చోటంతా ఎర్రటి మచ్చలు, పాతిక ముప్పై దాకా ఉన్నాయి. ఎవరో పటిక చేత్తో ముట్టుకున్నారు. కాగు దగ్గరున్నది మా ఆవిడ. నేనింక ఏమీ ఆలోచించలేదు. పనిచేస్తున్న ఆడవాళ్లందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. నోటికాడి కూడు పడగొట్టావన్నాను. ఆ చేతులు విరగ్గొట్టినా పాపం లేదన్నాను. ఆవిడ కాగులో కర్ర తిప్పుతూ ఉండిపోయింది.

మిగతా ఆడవాళ్లు భోజనాలకి వెళ్లాక నన్ను దుప్పటి దగ్గరికి పిలిచింది. తన అయిదు వేళ్ల కొసలూ దగ్గరికి చేర్చి ఒక మచ్చమీద ఆనించింది. ఆవిడ వేళ్లు సన్నం, మచ్చలో చుట్టూ ఎరుపు మిగిలింది. తర్వాత నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు అలాగే చేర్చి అదే మచ్చమీద పెట్టింది. అతికినట్టు సరిపోయింది. చిన్నప్పుడు ఉలి తగిలి నా ఉంగరపు వేలి కొస కాస్త తెగిపోయింది. మచ్చలోనూ అక్కడ పొట్టిగా ఉంది. ఏ మచ్చ చూసినా అంతే.

"నిన్న బల్ల దగ్గర్నించి ఎన్నిసార్లు లేచొచ్చి వేపాకులు ఏరావు బావా?" అంది.

నిజమే. అది వేపచెట్టు ఆకు రాల్చే కాలం. దుప్పటిమీద ఆకు పడ్డప్పుడల్లా వచ్చి, ఏరి పారేసి వెళ్లాను. చెయ్యి పటికలో తడిసి ఉందన్న ధ్యాసే లేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది. తిట్టడానికి అంత తొందరగా లేచిన నోరు, తప్పు నాదే అనడానికి పెగల్లేదు. ఆవిడ మొహం చూడలేక ఆ మచ్చలకేసే చూస్తూ నిలబడ్డాను.

చూస్తుండగా చూస్తుండగా అవి నాకు పువ్వులుగా కనబడ్డాయి. అయిదేసి రేకుల పువ్వులు. ఒకటి ఇటు వాలి, ఒకటి అటు వాలి, ఇప్పుడే రాలినట్టు పడి ఉన్నాయి. వాటి పక్కన నా పద్మాలు బిగుసుకుపోయి ఉన్నాయి. శ్రీకాకుళంలోనూ మంగినపూడిలోనూ వెతికింది మా పెరట్లో, ఆకులేరుకునే నా చేతికిందే ఉంది.

ఆ పువ్వుకి అచ్చు చెక్కడానికి మూడు రోజులు పట్టింది. పొట్టి రేకును పొట్టిగానే చెక్కాను. అన్నేళ్లుగా అచ్చులు చెక్కుతున్నా, చెక్కేది ఏమిటో తెలిసి చెక్కడం అదే మొదలు. ఉలి పట్టుకోవడానికే నేను పుట్టానని అప్పుడు అనిపించింది, అంతకుముందు అది మా నాన్న పని మాత్రమే. ఆ అచ్చుతో అద్దిన కొత్త గుడ్డని కాలవలో ఆఖరి నీళ్లలో మా ఆవిడే జాడించింది.

షావుకారు వచ్చి చాలాసేపు చూశాడు. బాగుందన్నాడు. కానీ ఆ ఒక్క రేకూ మిగతావాటితో సమానంగా సరిచెయ్యమన్నాడు. నేను సరేననబోయాను. గుమ్మం వెనకనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఉండనియ్యండి షావుకారు గారూ. నిజం పువ్వుకి మాత్రం రేకులన్నీ ఒక్క కొలతకే ఉంటాయా?"

ఆయన మళ్లీ ఒకసారి చూసి, గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. కాలవ వదలగానే ఇవే మొదలుపెట్టమన్నాడు. నేను రావడం లేదని గుడివాడకి కబురు పంపాను.

కొన్నేళ్ల తర్వాత దివిసీమలో ఒక పెళ్లికి వెళ్తూ కృష్ణ దాటడానికి పడవ ఎక్కాను. నా ఎదురుగా ఒక రైతు ఇల్లాలు చంటిబిడ్డని మా పువ్వుల గుడ్డలో చుట్టి పట్టుకుని కూర్చుంది. గుడ్డ చాలా వెలిసింది. ఎక్కడిదమ్మా అని అడిగాను.

"మా అత్తగారు బందర్లో కొన్నారండీ. చాకలి రేవులో ఎన్ని గుడ్డలు కలిసిపోయినా ఇది మాదని ఇట్టే పోల్చుకుంటాం. ఇదుగో, ఈ రేకు పొట్టిగా ఉంటది చూడండి" అని దానిమీద వేలు పెట్టి చూపించింది.

ఆ రేకు నా వేలేనని చెబుదామనుకుని, ఎందుకో చెప్పలేక, చెయ్యి కండవాలో దాచుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను. చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, తలెత్తకుండానే అడిగింది.

"ఆ పువ్వు పుట్టిన రోజున నన్ను తిట్టిన సంగతి ఎవరికన్నా చెప్పావా బావా?"

చెప్పలేదు. నలుగురిలో తిట్టినవాణ్ణి, నలుగురిలో ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆనాడు కాగు దగ్గరున్నవాళ్లు దుప్పటి పాడుచేసింది ఆవిడేనని ఇప్పటికీ అనుకుంటూ ఉండొచ్చు. అందుకే ఇది రాశాను. ఆ చెయ్యి నాది.