కోర్టు లేచేదాకా

తాండూరు రైల్వే గేటు వేయబోతుండడం చూసి మా ఆయన జీపును ఇంకా ఉరికించాడు. జీపు ఎదురుగా వస్తున్న ఎడ్లబండిని గుద్దితే, బండి తోలుతున్న ముసలాయన కాలు విరిగింది. కింది కోర్టు ఆరు నెలల జైలు వేసింది. జామీను మీద విడిపించుకుని వికారాబాదు పై కోర్టులో అప్పీలు చేశాము.

పాపకు అప్పుడప్పుడే తండ్రి మొహం గుర్తుపట్టడం వచ్చింది. ఆరు నెలల్లో మరిచిపోతుందేమోనని నా భయం. బీఏ చదివినదాన్ని కదా అని చట్టం పుస్తకం తెప్పించుకుని చదివాను. చదివినకొద్దీ భయమే పెరిగింది.

అప్పీలు నాడు సాక్షులు లేరు, కేకలు లేవు. జడ్జి కాగితాలు తిరగేసి, "బండి కనిపించిందా?" అని ఒక్కటే అడిగాడు.

వకీలు నోరు తెరిచేలోపలే మా ఆయన, "కనిపించింది సార్. గేటు పడకముందే దాటిపోత అనుకున్న. తప్పు నాదే" అనేశాడు. వకీలు నెత్తి పట్టుకున్నాడు.

జడ్జి చాలాసేపు రాసుకున్నాడు. నేరం నిజమే గాని ఆరు నెలలు అక్కరలేదు, జుర్మానా కట్టి ఈ రోజు కోర్టు లేచేదాకా ఇక్కడే ఉంటే చాలన్నాడు.

"గంతేనా?" అన్నాను వకీలుతో.

"గంతేనమ్మా. జర ఊపిరి తీస్కో."

మా ఆయన వెనక బల్ల మీద కూర్చున్నాడు. సంకెళ్లు లేవు, పక్కన పోలీసు లేడు, తలుపు బార్లా తెరిచి ఉంది. మధ్యాహ్నం జడ్జి లేస్తే ఆయనా లేచి చెప్పుల కోసం చూశాడు.

చప్రాసీ నవ్వాడు. "కూసో పటేలా! గిది బువ్వకు లేసుడు. నీది పొద్దుగూకినంక."

పాపను ఎత్తుకుని గడప దగ్గర నిలబడ్డాను. తండ్రిని చూసి చేతులు చాచి ఒకటే అరుపు.

"జర ఎత్తుకోండ్రి. ఎవరేమంటరు?"

"శిక్షల ఉన్న గదనే" అన్నాడు, పాప వైపు చూడకుండా.

ఇంట్లో అన్నం తినేంతసేపు కూడా కుదురుగా కూర్చోని మనిషి. లోపల ఎవరిదో పొలం తగాదా నడుస్తోంది. ఒక మనిషి నోటి మాటతో ఆ పాత బల్ల జైలైపోయింది. దాని గోడలు ఆయన ఒక్కడికే కనిపిస్తున్నట్టున్నాయి. ఈ మనిషితోనా ఇన్నాళ్లు కాపురం చేశానని చూస్తూ ఉండిపోయాను.

దీపాలు పెట్టే వేళకు జడ్జి లేచి లోపలికి వెళ్లిపోయాడు. మా వైపు చూడనైనా లేదు. గది ఖాళీ అయినా ఆయన కదలలేదు.

"ఇగ లే పటేలా, అయిపాయె" అన్నాడు చప్రాసీ.

గడప దాటగానే పాపను నా చేతుల్లోంచి తీసుకున్నాడు. అది తండ్రి మీసం గుప్పిట పట్టి పీకింది. ఆయన విడిపించుకోలేదు.