వడపోతలో మిగిలిన ఉద్యోగం

మా ఆయన చేతిలో ఉన్న ప్రాజెక్టు ఊడిపోయిన ఆ చలికాలం మేం పార్సిప్పనీ అనే ఊళ్లో ఉన్నాం. ఇంకొకటి త్వరగా దొరక్కపోతే ఆయన వీసా చెల్లదు, దాని మీద ఆధారపడ్డ నాదీ చెల్లదు. మనవాళ్లు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ల కోసం నడిపే ఒక మెయిలింగ్ లిస్టులో ఆయన చేరారు. పొద్దున లేచేసరికి ఇన్‌బాక్స్ నిండిపోయేది. ప్రతిదాని మీదా 'అర్జెంట్' అనే ఉండేది.

వాటిని ఏరడానికి ఆయన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాసుకున్నారు. ఫలానా తీరు మాటలు కనిపిస్తే ఆ మెయిల్‌ను పక్కన పడెయ్యమని కంప్యూటర్‌కు చెప్పే సూత్రాలవి. అమ్మకానికి పెట్టిన పాత కార్లు, రూమ్మేట్ కావాలన్న ప్రకటనలు, సినిమా హీరోల మీద తగాదాలు అన్నీ పోయాయి. ఉద్యోగాల మెయిళ్లు మాత్రం కుప్పగా మిగిలాయి. ఆయన ఒక్కదాన్నీ వదలకుండా రెజ్యూమె పంపేవారు. ఆ కుప్పను చూసుకునే ఇద్దరం ధైర్యంగా ఉన్నాం.

పెళ్లికి ముందు నేను దినపత్రిక డెస్క్‌లో పనిచేశాను. ఒకే వార్త నాలుగు ఊళ్ల నుంచి నాలుగు రకాలుగా వస్తే పట్టుకోవడం అక్కడ రోజూ ఉండే పని. ఒక మధ్యాహ్నం ఆయన కుర్చీ వెనక నిలబడి చదువుతుంటే అనుమానం వచ్చింది.

"ఇవన్నీ ఒకటే జాబ్ అండీ."

"వేరే వేరే కంపెనీలు. సబ్జెక్ట్ లైన్ చూడు."

"అదే మార్చారు. లోపల చదవండి. బ్యాంకు, మ్యాన్‌హట్టన్, 'ఒత్తిడిలోనూ నవ్వుతూ పనిచేయాలి'. ఆ నవ్వు అన్నిట్లోనూ ఉంది."

"ఇంకా డెస్క్ దిగలేదా, సబ్ ఎడిటర్ గారూ?"

అన్నారే గానీ, ఆ వాక్యం మీద కొత్త సూత్రం రాసి రన్ చేశారు. అన్నీ పక్క ఫోల్డర్‌లోకి వెళ్లిపోయాయి. ఒక దళారీ కంపెనీ పంపినదాన్నే మిగతావాళ్లు పేరు మార్చి తిప్పుతున్నారు. ఇన్‌బాక్స్‌లో ఏమీ మిగల్లేదు.

ఆయన ఫోల్డర్ తెరిచి కాసేపు చదివారు.

"ఈ బ్యాంకు వాళ్లే. పోయిన నెల నన్ను ఇంటర్వ్యూ చేసి వద్దన్నది."

కిటికీ అవతల పార్కింగ్‌లో ఎవరో కారు మీద మంచు గీకుతున్నారు.

"ఆ కొత్త రూల్ తీసేస్తున్నా" అన్నారాయన.

"ఎందుకండీ? తెలిసిపోయిందిగా."

"ఖాళీగా ఉంటే చూడలేను."

తీసేశారు. మెయిళ్లన్నీ మళ్లీ వచ్చి వరసగా కూర్చున్నాయి. పైనున్నదాన్ని తెరిచి రెజ్యూమె జత చేశారు. కవర్ లెటర్‌లో తప్పులున్నాయేమో చూడమన్నారు. వంగి చదివి, ఒక కామా తీసెయ్యమన్నాను.