కన్ను తెరిచి నిద్రపోయే సొర

మొన్న తిరుపతిలో చెల్లెలు వసంత ఇంటి మెట్లెక్కుతుంటేనే సొరపుట్టు వాసన తగిలింది. పసుపేసి ఉడికించిన సొరచేపను పొడిపొడిగా చిదిమి, దండిగా ఉల్లిపాయలూ వెల్లుల్లీ పచ్చిమిరపకాయలూ వేసి వేయించేటప్పుడు వచ్చే వాసన. వసంత కూతురు పురిటికి వచ్చి ఉంది. బాలింతకు పాలసొర పెడితే పాలు పడతాయని మా వైపు నమ్మకం. ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం ఇంత వయసొచ్చినా కడుపులో మంట మొదలవుతుంది.

వసంత పుట్టిన ఎండాకాలం మేం నగరిలో ఉన్నాం. వీధి పొడుగునా మరమగ్గాల చప్పుడు, కాలవలో ఒకరోజు ఎర్రగా మరోరోజు పచ్చగా పారే అద్దకం నీళ్లు, గంజి పెట్టిన నూలు ఎండే వాసన, అన్నాల వేళకు గోడల్లోంచి కూడా పుట్టుకొచ్చే వేడి. అంతవరకూ అమ్మ ఎడమ పక్క నాది. మధ్యాహ్నం ఆమె చాప పరిస్తే, ఆ చేతి మీద తలపెట్టి, కొంగు అంచు వేలికి చుట్టుకుని పడుకునేవాణ్ణి. చెల్లెలు వచ్చాక దూలానికి పాత చీర ఉయ్యాల వేలాడింది, ఉయ్యాల తాడు అమ్మ కాలి బొటనవేలికి చేరింది, నేను అవ్వ పక్కకు, ఆకువక్క వాసనలోకి చేరాను.

పాలసొర తెచ్చేది కన్నియమ్మ. తడ అవతల పులికాటు ఒడ్డు నుంచి గంపతో బస్సెక్కి వచ్చేది. సొరను తోకవైపు నిమిరితే నున్నగా ఉండేది, ఎదురు నిమిరితే గరుకు కాగితమే. చచ్చినా దాని కన్ను మూతపడలేదు.

"ఇది నిద్దర పోదా అత్తా?" అని అడిగాను.

"పోకుండా ఎట్ల్రా? కొన్ని సొరలు ఇసక మింద పొట్ట ఆనిచ్చి పండుకుంటాయి. కొన్నిటికి ఆ బాగ్గెం ల్యా. నిలబడితే ఊపిరాడదు. ఈదతానే కునుకు తీయాల."

"కలలు గూడా వస్తాయామే?" అంది అవ్వ.

"ఈ తూరి అడిగొచ్చి సెప్తాలే పెద్దమ్మా."

కొన్ని సొరలు నీటిని నోటితో తోడుకుంటూ అడుగున పడి ఉండగలవనీ, కొన్నిటికి మొప్పల మీదుగా నీళ్లు పారాలంటే ఈదక తప్పదనీ, ఆ ఈతలో అవి ఏ మాత్రం నిద్రపోతాయో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోవాల్సే ఉందనీ పత్రికలో పనిచేసే రోజుల్లో చదివాను. ఆనాడు నాకు కావలసింది వేరు. అందరూ తినగా మిగిలేది అమ్మకు దక్కే ఇంట్లో, ఆ కూర మాత్రం ఆమె ఒక్కదానికే వండేవారు. అదీ ఉయ్యాలలో ఉన్నదాని కోసం.

"మా, అది తినొద్దు. దానికే నిద్దర లేదంట. తింటే నీకూ రాదు" అన్నాను.

అమ్మ నవ్వింది. "రాకపోయినా తినాల గదప్పా. పాప తాగొద్దా?"

పాప. ఆ మాట అంటే నాకు ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. అవ్వ గురక పెడుతుంటే మెల్లగా అమ్మ దగ్గరికి పాకాను. ఆమె కళ్లు ఉయ్యాల వైపు సగం తెరిచి ఉన్నాయి. "మా" అన్నాను. పలకలేదు. ముఖం ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదల్లేదు. కాలు మాత్రం కదులుతోంది, తాడు కదులుతోంది. అమ్మ నిద్రపోతోంది. నిద్రలో కూడా పాపతోనే ఉంది.

ఆ తాడు నా చేతికొస్తే కాలికి పని ఉండదు, ఇటు తిరుగుతుంది అనుకున్నాను. ముడిని వేలి మీంచి జార్చి, ఉయ్యాల ఆగకముందే నేను లాగాను. అమ్మ కాలు కాసేపు ఉత్తగా ఆడి, ఆగింది. కళ్లు మూతపడ్డాయి. నిట్టూర్చి పక్కకు తిరిగింది, గోడ వైపు. కరెంటు వచ్చి మగ్గాలు మొదలయ్యేదాకా ఆమె వీపు చూస్తూ, భుజం లాగేస్తున్నా, కోపంతో లాగుతూనే ఉన్నాను. మర్నాడూ అంతే, ఆ ఎండాకాలమంతా అంతే. ఒక్కరోజైనా ఇటు తిరుగుతుందని.

ఇప్పుడు కన్నియమ్మ గంప లేదు. దూలాల ఇళ్లు పోయి మిద్దెలొచ్చాయి. వసంత మనవరాలి ఉయ్యాల మీట నొక్కితే తనే ఊగుతుంది. అమ్మ పోయి చాలా కాలమైంది.

వసంత నా పళ్లెంలో సొరపుట్టు వడ్డించింది. "అమ్మ సెప్తా ఉండేది న్నా. నేను పుట్టినప్పుడు, నువ్వు తాడు లాగినంతసేపే ఆయమ్మ ఒళ్లు తెలీకుండా నిద్దర పోయిందంట. నా కొడుకు ల్యాకుంటే ఏమైపోయిండేదాన్నో అనేది."

నాతో ఆ మాట ఎన్నడూ అనలేదు.

"నీకు ఎప్పుడు చెప్పింది?" అని అడిగాను.

"ఎప్పుడేంది? పక్కలో పండుకున్నప్పుడల్లా సెప్పేది" అంటూ వసంత ఇంకో గరిటె వేసింది.