పప్పుమిల్లులో పడవ

ఎనభైల మొదట్లో, మే నెల. సాయంత్రం నాలుగున్నరకు జహీరాబాద్ చేరాం. మూడు టన్నుల ట్రక్కు, వెనక ట్రైలర్, దాని మీద పదహారు అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. బొంబాయి నుంచి సికింద్రాబాద్‌కు, మా ఆర్మీ యూనిట్ వాళ్లు పడవలు నడిపే చెరువుకు తీసుకెళ్తున్నాం. ఊరికి రెండు మైళ్ల ముందు ట్రైలర్ బేరింగ్ పోయింది. పడవ ఒక్కసారి ఎగిరిపడింది. అక్కడి నుంచి నడక వేగంతో ఈడ్చుకొచ్చాం.

నేను మరమ్మతుల హవల్దార్‌ని. నాతో ఉన్నది డ్రైవర్ ఒక్కడే, మరాఠీవాడు. అతని నాయక్ హోదా పదోన్నతి కాగితం రేపో మాపో రావాలి. ఒక పప్పుమిల్లు యజమాని తన ఆవరణలో రేకుల షెడ్డు ఇచ్చాడు. మాది ఝరాసంగం పక్క పల్లె. పదకొండేళ్ల సర్వీసులో ఇంటికి ఇంత దగ్గరగా డ్యూటీ పడటం అదే మొదలు.

టార్పాలిన్ విప్పాం. డెక్కు మీద, అంటే మనుషులు కాలు పెట్టే పైభాగం మీద, పగుళ్లు. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగ డెక్కు మీది ఒక ఇనుప కొక్కేనికి కట్టి ఉంటుంది. ఆ కొక్కెం చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు అన్ని వైపులకూ పాకాయి. డ్రైవర్ నేల మీద కూలబడ్డాడు.

"నా వల్లే, హవల్దార్ సాబ్" అన్నాడు హిందీలో.

పోస్టాఫీసుకు వెళ్లి ట్రంకాల్ చేశాను. కెప్టెన్ గారు పొడిగా మాట్లాడారు. "బేరింగ్ ఆరో రోజుకు వస్తుంది. ఈలోగా పడవ బాగుచెయ్. డ్రైవర్ తప్పయితే రాసివ్వు."

మర్నాడు ఉదయం ఆరింటికి పగుళ్ల మీద నీలం సిరా పూసి తుడిచాను. సన్నగీతలన్నీ బయటపడ్డాయి. కొన్నింటిలో సిరా దిగలేదు, అప్పటికే నల్లటి మురికి నిండి ఉంది. కొత్త పగులైతే లోపల తెల్లగా ఉండాలి. కానీ రెండు రోజుల రోడ్డు దుమ్ము కూడా మురికే కదా. అంత మాత్రానికే నివేదిక రాయలేను.

స్క్రూడ్రైవర్ పిడితో డెక్కును కొట్టి వింటున్నాను. మిల్లులో షాబాద్ బండలు పరుస్తున్న మేస్త్రి పని ఆపి వచ్చాడు. న్యాల్‌కల్ వైపు మనిషి, ముసలాయన.

"సారూ, గంత జోరుగ కొట్టొద్దు. జర నన్ను చూడనియ్యుండ్రి" అన్నాడు.

తాపీ పిడితో మెల్లగా, చెవి ఆనించి, జానెడు జానెడు జరుగుతూ కొట్టాడు.

"గీడిదాంక గట్టి. గీడకెల్లి గుల్ల. బండ కింద సిమెంట్ మాల్ అందకుంటే గిట్లనే పలుకుతది."

గుల్ల పలికిన చోటల్లా సుద్దముక్కతో గీశాడు. కొక్కెం చుట్టూ అన్నం పళ్లెమంత గుండ్రం తేలింది. కొక్కెం మరలు విప్పాను. రంధ్రంలోంచి గోధుమరంగు నీళ్లు ఊరాయి. బొంబాయి నుంచి ఒక్క చినుకు పడలేదు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

డ్రైవర్ని పిలిచి చూపించాను. "ఇది సముద్రం నీరు. మనం ఎక్కించకముందే లోపలికి దిగింది. పైపొర కింద ఉన్న చెక్క కుళ్లింది. నీ రోడ్డు కాదు, నీ బండి కాదు."

అతనూ రుచి చూశాడు. తర్వాత వెళ్లి రెండు గ్లాసుల చాయ్ తాగాడు. ముందురోజు నుంచి అతను ఏమీ ముట్టలేదు.

గుండ్రం మేరకు పైపొర కోసి తీశాం. నానిన చెక్క పొడిపొడిగా చేతికొచ్చింది. రెండు రోజులు ఎండకు వదిలేశాం. జహీరాబాద్ ఎండ ఆ పని బాగా చేసింది. వడ్రంగి దగ్గర టేకు ముక్క తెచ్చి అమర్చాం. మొదటిసారి పొద్దున పదింటికి, పడవతో వచ్చిన మరమ్మతు పెట్టెలోని జిగురు కలిపాను. డబ్బాలోనే పొగలు కక్కి రాయైపోయింది. తప్పు నాదే, ఆ వేడికి గట్టిపడే మందు ఎక్కువ వేశాను. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి, చల్లగా ఉండగా, మందు సగం తగ్గించి కలిపాను. జిగురులో తడిపిన గాజునార బట్ట పొర మీద పొర, మొత్తం నాలుగు. సన్నగీతలను గాడిలా తెరిచి నింపాను. కొక్కెం కింద బలం పంచే పలక అసలు లేనే లేదు. జబ్బుకు మూలం అదే. వెల్డింగ్ షాపులో ఒక పలక కోయించి బిగించాను.

అయిదో రోజు సాయంత్రం మేస్త్రి మళ్లీ తాపీ పట్టుకుని వచ్చాడు. అంతా కొట్టి విన్నాడు.

"మంచిగున్నది. ఇగ ఫికర్ లేదు" అన్నాడు.

నివేదికలో డ్రైవర్ తప్పు లేదని రాశాను. ఆరో రోజు బేరింగ్ వచ్చింది. ఏడో రోజు సికింద్రాబాద్ చేరాం. కెప్టెన్ గారు బూట్లు విప్పి డెక్కు మీద నడిచి, నివేదిక మీద సంతకం పెట్టారు. ఆ నెలాఖరుకు డ్రైవర్ భుజానికి నాయక్ పట్టీ వచ్చింది. పడవ చాలా ఏళ్లు నీళ్ల మీద తిరిగింది. కొన్నిసార్లు నేనూ ఎక్కాను.

కానీ పడవ అనగానే నాకు ఆ చెరువు గుర్తురాదు. మేం బయలుదేరే రోజు పొద్దున్నే, నేను పంపిన కబురంది మా నాయిన మొదటి బస్సుకు మిల్లుకు వచ్చాడు. జొన్నరొట్టెల మూట నాకిచ్చి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎక్కొచ్చునా బిడ్డా?" అని అడిగాడు.

చెప్పులు కింద విడిచి ఎక్కాడు. చుట్టూ కందిపొట్టు, బస్తాలు, ఎండిన నేల. వెనకవైపు కూర్చుని చుక్కాని పిడి మీద చెయ్యి వేశాడు. తలపాగా సర్దుకుని, చాలా దూరం పోవాల్సినవాడిలా ముందుకు చూస్తూ అలాగే కూర్చున్నాడు.