పురుగును చూడని సలహా

2003లో నన్ను పెనుకొండ సలహా కేంద్రానికి క్షేత్రాధికారిగా వేశారు. పట్టుపురుగులు పెంచే రైతులకు రోగాల గురించి సలహాలిచ్చే ప్రైవేటు సంస్థ మాది; ప్రాంతీయ మేనేజరు హిందూపురంలో ఉండేవారు. ఆ ఏడే మాకొక కంప్యూటర్ ప్రోగ్రాం ఇచ్చారు. పురుగు రంగు, మేత, వాతావరణం గురించి ప్రశ్నలడిగి, ఏ రోగమో అంచనా చెప్పేది. అంచనా తప్పినప్పుడు సరైన జవాబు ఎక్కిస్తే, తర్వాతి లెక్క మార్చుకునేది.

దానికి నేర్పే పని నా సహోద్యోగి మార్తమ్మది. ఆమె పురుగులు పెంచే షెడ్డుకు వెళ్లి, పురుగును గిల్లి చూసి, ఆపైనే కంప్యూటర్ ముందు కూర్చునేది. మొదట్లో అది పదేపదే తప్పేది. ఒకసారి మాత్రం, కనగానపల్లిలో ఒక రైతు పురుగులు కక్కుకుంటూ చస్తుంటే ఆమె రోగమనుకుంది, ప్రోగ్రాం విషమంది. తిరిగి వెళ్లి విచారిస్తే, పక్క వేరుశనగ చేలో కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడిందని తేలింది. “నాకు తట్టలా సార్, దీనికి తట్టినాది,” అని నవ్వింది. అప్పటినుంచి ఏ షెడ్డుకు వెళ్లినా పక్క చేను కూడా చూసి వచ్చేది.

రెండో ఏటికి ఆమె, ప్రోగ్రాం కలిసి చెప్పింది అరుదుగా తప్పేది. అది చూసి మేనేజరు ఆమెను ధర్మవరం కొనుగోలు విభాగానికి మార్చారు. ప్రోగ్రాం నేర్చుకుంది కదా, ఇక మనిషెందుకని ఆయన వాదన. నేను అభ్యంతరం చెప్పాను, పట్టించుకోలేదు. రైతులు ఫోన్ చేస్తే హిందూపురంలో ఆపరేటర్ విని టైపు చేసే పద్ధతి పెట్టారు.

ఆ వానాకాలం రొళ్ల నుంచి రంగప్ప అనే రైతు ఫోన్ చేసి, పురుగులు ఉబ్బాయన్నాడు. పాలలాంటి ద్రవం కారుతోందా అని ప్రోగ్రాం అడిగింది. రంగప్ప గిల్లి చూడలేదు. ఆపరేటర్ ‘లేదు’ అని కొట్టాడు. ‘తెలియదు’ అని కొట్టే వీలూ ఉంది. కానీ అలా కొడితే ఊరికి మనిషిని పంపాలి. ఆ పని మార్తమ్మది; ఆమెను మార్చాక ఆ చోట ఎవరినీ వేయలేదు.

ఆకు మార్చమని సలహా వెళ్లింది. అసలది పాలరోగం, అంటుకునేది. గూళ్లు కట్టాల్సిన పురుగులన్నీ గుంతలో పూడ్చారు. పక్క షెడ్లకూ పాకింది. నేను వెళ్లేసరికి రంగప్ప భార్య ఖాళీ తట్టలు కడుగుతోంది.

“ఫోన్లో పురుగు యాడ కనపడతాది సార్? ఆ మేడం వచ్చింటే గిల్లి చూసి చెప్పేది. ఇప్పుడెందుకొచ్చినారు, గుంత చూసేదానికా?” అంది.

సంస్థ జరిపిన విచారణలో తప్పంతా ప్రోగ్రాందని తేల్చి, దాన్ని ఆపేశారు. మార్తమ్మను వెనక్కి పంపమంటే, ప్రోగ్రామే లేనప్పుడు ఆమెకు పోస్టు లేదన్నారు. ధర్మవరంలో కలిసినప్పుడు ఆమె ఒకటే అడిగింది. “నేను నేర్పింది సాలని ఎవురు చెప్పినారు సార్? అదా?”

అది చెప్పలేదు. ఏమి చూడాలో అడగడం దానికి వచ్చు, వెళ్లి చూడడం రాదు. చూసే మనిషిని తీసేసిన రోజే అది నేర్చుకోవడం కూడా ఆగిపోయింది. తీసేసినవారు మాత్రం ఏ విచారణలోనూ నిలబడలేదు.