గడ్డి మోసిన పందెం కారు

ఇరవై రెండేళ్ళ వయసులో లోకంలో నాకు చేతకాని పని లేదనుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద కోపం రాదు, కొంచెం అసూయే కలుగుతుంది. ఆ రోజుల్లో ఆత్మకూరులో ఒక ట్రాక్టర్ల షోరూములో సర్వీసు కౌంటరు దగ్గర కూర్చుని జాబ్ కార్డులు రాసేదాన్ని. మెకానికల్ డిప్లొమా చదివి వచ్చినా నా చేతికి పెన్ను ఇచ్చారే గాని పానా ఇవ్వలేదు. అడిగితే, "నీకెందుకు తల్లీ, చేతులకి గ్రీజు అంటుకుంటాది" అని నవ్వేవారు మెకానిక్కులు. (ఆ గ్రీజు కోసమే మూడేళ్ళు చదివానని వాళ్ళకెలా చెప్పను?) సరిగ్గా అప్పుడే ఉదయగిరి కొండ కింద ఎండిపోయిన చెరువులో కార్ల పందెం పెడుతున్నారని తెలిసింది. నెల్లూరు నుంచి కొందరు కార్ల పిచ్చివాళ్ళు సరదాగా పెట్టిన పోటీ. పాత కారును మనమే బాగుచేసుకుని తేవాలి. పల్టీ కొట్టినా మనుషులు నలగకుండా లోపల ఇనప పైపులతో పంజరంలాగా కట్టాలి. తోలేవాళ్ళ పక్కన ఇంకొకరు తప్పనిసరిగా కూర్చోవాలి. ఒక్కో రౌండులో కార్లను ఒకదాని తరువాత ఒకటి విడిగా పంపి, రెండు రౌండ్లకూ కలిపి ఎంతసేపు పట్టిందో చూస్తారు.

బస్టాండు వెనక షెడ్డున్న సాయిబు మామ దగ్గరికి పరిగెత్తాను. మామ అంటే చుట్టరికం కాదు. మా నాయన బస్సు డ్రైవరుగా చేసిన ముప్పై ఏళ్ళూ ఆయనకు టీ జత. ఆయన షెడ్డు వెనక కంపచెట్లలో ఎవరో వదిలేసిపోయిన చిన్న కారొకటి, తొండలకు కాపురమై ఉండేది. "ఇది లేస్తాదా మామా?" అంటే, "లేపితే లేస్తాది బేటా. నువ్వు పట్టుకో, నేను విప్పుతా" అన్నాడు. అలా మొదటిసారి నా చేతికి పానా వచ్చింది. నాయన మాత్రం ఒక షరతు పెట్టాడు. "ఇంట్లో బండి ఊరికే పడుండకూడదు. వారమంతా ఇంటిపని చెయ్యాల. ఆదివారం నీ ఇష్టం." అందుకని వెనక సీటు పీకేసి చెక్క పరిచాం. ఇంజను కింద రాళ్ళు తగలకుండా పాత ట్రాక్టరు నాగలి రేకు బిగించాం. ఆ కారు పొద్దున బర్రెలకు గడ్డి తెచ్చేది, మధ్యాహ్నం అమ్మను మిరపకాయలతో సహా మిల్లుకు తీసుకుపోయేది, సాయంత్రం పందెం కారయ్యేది. చేజర్ల రోడ్డులో నేను మలుపులు సాధన చేసింది గడ్డిమోపుతోనే. కొంచెం జోరుగా తిప్పితే మోపు జారి వీపు మీద పడేది. మోపు కదలకుండా మలుపు తిరగడం వచ్చిన రోజు సాయిబు మామకు పకోడీలు కొనిపెట్టాను.

పక్కన కూర్చునేది మామే అని ముందే అనుకున్నాం. పైపుల పంజరానికి ఆయన ఒంటి కొలతే తీసుకున్నాం. అయితే ఆ కొలత తీసుకున్నది రంజాన్ నెల చివర్లో, ఆయన ఉపవాసాలతో చిక్కి సగమైనప్పుడు. పందెం వచ్చింది పండగ వెళ్ళిన నెలకు. ఉదయగిరిలో ఆ ఆదివారం పొద్దున, నంబరు అతికించుకున్న పదమూడు కార్ల మధ్య, మామ తన చేత్తో వెల్డింగ్ చేసిన పంజరంలోకి తల పెట్టాడు, భుజం పెట్టాడు, ఆ తరువాత ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. నేనూ ఇంకొకాయనా చెరో కాలూ పట్టి లాగాం. "పండగ సేమియా బేటా, అంతా ఆ సేమియాదే తప్పు" అని మామ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నన్ను చూసి నవ్వుకుందామని మా షోరూము మెకానిక్కులు రెండు మోటారు సైకిళ్ళ మీద వచ్చి గట్టు మీద కూర్చున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో పెరుగన్నం క్యారియరుతో నిలబడ్డ నాయన కనిపించాడు. సన్నగా, పొడుగ్గా, ఆ పంజరం కోసమే పుట్టినట్టు.

"నేనా? పక్క సీట్లోనా? ఇంకొకరు తోలతా ఉంటే నా కాళ్ళు నిలవవు పాపా" అన్నాడు. నా ముఖం చూసి, క్యారియరు మామ చేతికిచ్చి, హెల్మెట్ తగిలించుకుని ఎక్కాడు.

జెండా ఊపారు. కారు దూకింది. నాయన కుడికాలు అక్కడ లేని బ్రేకును బలంగా తొక్కింది. "హారన్ కొట్టు!" అన్నాడు. "ఎవరికి నాయనా? ముందర ఎవరూ లేరు!" "ఎవరూ లేరని నువ్వెట్లా చెప్తావు?" అంటూనే చెరువు మధ్యకు రాగానే గొంతు మార్చాడు. "ఆ నల్లమన్ను చూడు. పైన ఎండినట్టుండాది, కింద బురదే. గట్టెమ్మడి పో." నాకంటే ముందు వెళ్ళిన రెండు కార్లు దిగబడింది అక్కడేనని రౌండు పూర్తయ్యాక తెలిసింది. అన్ని కార్లూ మొదటి రౌండు ముగించేసరికి మేము మూడో స్థానంలో ఉన్నాం. గట్టు మీద మెకానిక్కులు నవ్వడం మానేసి లేచి నిలబడ్డారు.

రెండో రౌండు ఇంకా బాగా వచ్చింది. నాయన "ఎడం", "నిదానం", "ఇప్పుడు తొక్కు" అంటున్నాడు, నా చేతులు ఆయన మాట వెంట పోతున్నాయి. చివరి మలుపు దగ్గర, కట్టిన తాడుకు అవతల, మూట పెట్టుకుని నిలబడ్డ ఒక ముసలామె చెయ్యెత్తింది.

"ఆపు!" అన్నాడు నాయన.

ఆపేశాను. ఎందుకాపానో నాకు తెలియదు. దుమ్ము అణిగాక ఆమె కిటికీలోకి వంగి చూసి, "నువ్వా డ్రైవరబ్బాయా! బస్సేదయ్యా? ఆత్మకూరికేనా?" అంది. నాయన నాలుక కరుచుకున్నాడు. "పోనీ... పోనీ పాపా, పోనీ!" అని అరిచేసరికి కంగారులో ఇంజను ఆగింది. మళ్ళీ లేపి గీత దాటేసరికి మేము మూడు నుంచి తొమ్మిదికి జారాం.

నాయన హెల్మెట్ తీయకుండా అలాగే కూర్చున్నాడు. "ముప్పై ఏళ్ళు చెయ్యెత్తినోళ్ళని వదిలిపెట్టి పోలేదు పాపా. నోట్లోంచి దానంతటదే వచ్చేసినాది. నీ పందెం చెడగొట్టినాను" అన్నాడు. నాకు కోపం రావాల్సింది, నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "ఆమె ఇంకా ఆడే ఉంటాది. పోయి ఎక్కించుకుందాం రా నాయనా" అన్నాను.

గడ్డి పరకల మధ్య చెక్క మీద మూటతో సహా ముసలామె కూర్చుంది. సాయిబు మామ ఎవరి బండి వెనకో కూర్చుని ముందే వెళ్ళిపోయాడు, మా పెరుగన్నం తినేసి. ఊరు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో, నాయన తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. నేను గేరు మార్చడానికి కూడా భయపడుతూ తోలాను. వెనక నుంచి ముసలామె, "నువ్వెవరమ్మా?" అని అడిగింది. "ఆయన కూతుర్ని అవ్వా." "అట్నా. తోలేది చూసి అనుకున్నాన్లే" అంది. ఆ తరువాత పందేల్లో నాకు వచ్చిన కప్పుల్లో, సర్టిఫికెట్లలో ఏదీ ఆ మాటంత బరువు తూగలేదు.

మొన్న అదే దారిలో ఏసీ కారులో, బెల్టు పెట్టుకుని, అద్దాలు మూసుకుని వస్తున్నాను. వెనక ఒకటే హారన్. నలుగురు కుర్రాళ్ళు, రేకులు ఊడిపోయిన డొక్కు కారు. పక్కకు వచ్చి, "ఆంటీ, ఇట్టా తోలితే తెల్లారిపోతాది, జరగండాంటీ!" అని అరిచి దూసుకుపోయారు. స్పీడు చూసుకుంటే నలభై. అద్దం దించి, వాళ్ళ దుమ్మంతా మింగి, "పోండి నాయనా, పోండి" అన్నాను. వాళ్ళు కనబడనంత దూరం పోయాక, ఎవరూ చూడటం లేదు గదా అని, నేనూ కొంచెం తొక్కాను. యాభై ఐదు దాటగానే భయమేసి తగ్గించుకున్నాను.