మార్చిలో వచ్చిన కాలువ

తవిటమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఊరివాగైన గెడ్డ నీరు ఆమె చేను ముఖం చూసి ఎరగదు. గంజాం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు దాటి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో కాలువ పూడిపోయి, నీరంతా పై చేలలోనే ఇంకిపోయేది. దాన్ని తవ్వించండని అర్జీ పట్టుకుని ఆమె బరంపురం బస్సెక్కని ఏడు లేదు.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో ఎట్టకేలకు బడ్జెట్లో మంజూరు పడింది. అయితే శాసనసభ ఆమోదించిన సొమ్ము ఆ ఊరి పొలిమేర చేరేసరికి మార్చి మూడోవారం దాటింది. నెలాఖరులోగా ఖర్చు కాని సొమ్ము ఖజానాకు మళ్లిపోతుంది. ఆ నియమం రాసినవారికి మార్చిలో చేలో ఏముంటుందో అక్కర్లేదు. తవిటమ్మ చేలో పెసర ఉంది. వానలదాకా ఆమె కూడు అదే. కాయ ఇంకా నల్లబడలేదు.

తవ్వే యంత్రం గట్టున నిలబడింది. కాలువ తవ్వాలంటే అది ఆ చేలలోంచే పోవాలి.

“వారం ఆగలేరేటి బాబూ? కాయ ముదురుతోంది,” అంది తవిటమ్మ.

“వారం ఆగితే ఏప్రిల్ వచ్చేస్తుందమ్మా. డబ్బు వెనక్కి పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను,” అన్నాడు జూనియర్ ఇంజనీరు వేణుగోపాలరావు. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాడు. గొంతులో దర్పం లేదు, అలసట ఉంది.

“మరి పంట పోతే ఏటిత్తారు?”

అతను చేతిలోని కాగితాలు తిరగేశాడు. అంచనాలో మట్టికి పద్దుంది, యంత్రానికుంది. నలిగే పంటకు లేదు.

పక్క చేను జగ్గమ్మ ఊరుకోలేదు. “ఒదినా, నీ అర్జీ పండిందే! కోసుకో మరి. నీ పున్నెమా అని నా సాళ్లూ పోతన్నాయి.”

“రేపు నీరొత్తే నా పేరు సెప్పుకుని తడుపుకుందువులే!”

అడ్డుపడితే పంట దక్కుతుంది, కాలువ పోతుంది. అడ్డుపడకపోతే ఈ ఏటి కూడు పోతుంది. నిప్పు నోట్లో పెట్టి కాల్చే అడ్డచుట్ట ఆర్పి రొంటిన దోపుకుని, తవిటమ్మ చేలోకి దిగి పచ్చి మొక్కలే పీకసాగింది. కాసేపటికి జగ్గమ్మ కూడా సణుగుతూనే దిగింది. “ఆవులైనా తింతాయి. జరుగు, ఆ సాలు నేను పడతాను.”

యంత్రం రోడ్డువైపు మెత్తమట్టి నుంచి మొదలుపెట్టి పైకి తవ్వుకుంటూ పోయింది. గెడ్డ దగ్గర రాతినేల తగిలేసరికి మార్చి అయిపోయింది. కాలువను గెడ్డకు కలపకుండానే యంత్రం వెళ్లిపోయింది. పని నూటికి ఎనభై పాళ్లు పూర్తయినట్టు లెక్క. నీటికి ఎనభై పాళ్ల కాలువ అంటూ ఉండదు. ఖర్చుకే ప్రగతి అని పేరు పెట్టుకున్న ప్రభుత్వానికి మాత్రం ఆ ఏడు ఏ లోటూ లేదు.

ఏప్రిల్ మొదటివారంలోనే మిగిలిన తవ్వకానికి అర్జీ పట్టుకుని తవిటమ్మ బరంపురం ఆఫీసులో ప్రత్యక్షమైంది. గుమాస్తా నవ్వాడు.

“అంత తొందరేంటమ్మా? ఇంకా ఏడాదంతా ముందుంది కదా!”

“ఉందనే ఒచ్చినాను బాబూ. పోయినేడు కూడా ఉండీది.”

ఇంజనీరు గది ఎదుట బల్ల మీద ఆమె స్థిమితంగా కూర్చుంది.